వైద్యభాగ్యము – ఏడవ ప్రకరణము: ఆసుపత్రి ఎంత దూరము?

గత ప్రకరణమున మన్యపు జ్వరమును గూర్చి ముచ్చటించుకొంటిమి. గూడెము కొండలకు బదిలీయైన సర్కారు ఉద్యోగికి చలిజ్వరమే తొలి శత్రువై యుండెననియు, కొయినా బిళ్ల కొండలు దాటివచ్చినను దానిని వేళకు చేతబెట్టు వైద్యుడు మాత్రము కొండదిగువననే నిలిచిపోయెననియు చెప్పియుంటిమి. ఇక ఈ ప్రకరణమున, ఆ కొండలకు పాదపీఠమువలె నున్న రోలుగుంట ప్రాంతమును కేంద్రముగా గైకొని, వైద్యమునకు సొమ్మెవరు చెల్లింపవలెనను వివాదము గడచిన నూఱేండ్లలో మన దేశమున ఏయే మలుపులు తిరిగినదో, ప్రతి మలుపునను ఆ ప్రాంతపు సామాన్యుని చేతిచమురెంత వదలినదో పరిశీలింతము.

రోలుగుంట నేడు అనకాపల్లి జిల్లాలో, నర్సీపట్నము రెవెన్యూ డివిజనులో, ఒక మండలకేంద్రము. 2022 ఏప్రిల్ 4వ తేదీన జిల్లాలు పునర్విభజింపబడువఱకు విశాఖపట్టణము జిల్లాలోనిది. తూర్పుకనుమలు మైదానమునకు దిగివచ్చుచోట నుండుటచే ఆ మండలమున రెండు లోకములు ప్రక్కప్రక్కన గలవు. దిగువను వరియు చెఱకును పండించు రైతుల గ్రామములు; ఎగువను జీడితోటలను, పోడును నమ్ముకొని బ్రదుకు గిరిజనుల ఆవాసములు. అర్ల పంచాయతీకి చెందిన నీలబంద, లోసింగి మొదలగునవి ఇట్టి ఎగువ ఊళ్లు. కొండకు ఆవలివైపున చింతపల్లి, కొయ్యూరు మండలములు షెడ్యూల్డు ప్రాంతములగుటచే అచ్చటి గిరిజనులకు పాడేరులోని సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ అండగా నున్నది. ఈవలివైపు ఊళ్లలో అదే జాతివారు, అదే పేదరికముతో, అదే జ్వరముతో నివసించుచున్నను, ఎన్నడో గీయబడిన ఆ గీతకు వెలుపల మిగిలిపోయినందున, ఆ హక్కులు పూర్తిగా దక్కక, తమ గ్రామములనుగూడ షెడ్యూల్డు ప్రాంతములో చేర్పుడని వారు నేటికిని అర్థించుచునే యున్నారు. వైద్యపు ఖర్చు నిర్ణయమగుటలో రోగమునకెంత పాత్ర కలదో రోగి నివసించు తావునకును అంత పాత్ర కలదనుటకు ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణము దొరకుట కష్టము.

పట్టణమున కళాశాల, కొండలపై కలహము

1922 ఆగస్టు 22వ తేదీన అల్లూరి శ్రీరామరాజు తన అనుచరులతో చింతపల్లి పోలీసు ఠాణాపై బడి ఆయుధములను గైకొనిన నాటినుండి, 1924 మే నెలలో ఆయన నేలకొఱగువఱకు, నర్సీపట్నము ప్రాంతమంతయు పోలీసు పటాలముల రాకపోకలతో అట్టుడికిపోయెను. సరిగా ఆ నడుమనే, 1923 జూలైలో, విశాఖపట్టణమున 32 మంది విద్యార్థులతో వైద్యకళాశాల వెలసెను. మద్రాసు రాజధానికి అప్పుడు ముఖ్యమంత్రిగా నుండిన పానగల్లు రాజా, పానగంటి రామరాయణింగారు దానిని ప్రారంభించిరి. తరువాత 1940లో ఆంధ్ర వైద్యకళాశాలయను పేరు దాల్చిన ఆ సంస్థయు, దానితో పెనవేసికొనియున్న కింగ్ జార్జి ఆసుపత్రియు ఉత్తరాంధ్రపు రోగులకు చివరి ఆశ యయ్యెను. ఒకే ప్రభుత్వము, ఒకే సంవత్సరమున, ఒకే జిల్లా సముద్రతీరమునకు వైద్యాచార్యులను, కొండలకు తుపాకులను పంపెనని వ్రాయుట చమత్కారముకొఱకు గాదు. ఆ జిల్లాలో తీరమునకును కొండకును నడుమనున్న దూరము భూగోళమునకు మాత్రమే సంబంధించినది కాదని చూపుటకు.

పానగల్లు రాజావారు ఈ దూరమును గమనింపనివారు కారు. కళాశాలనుండి వెలువడు పట్టభద్రులు పట్టణమును వీడి పల్లెకు పోరని ఎఱిగి, వారి మంత్రివర్గము 1924 ప్రాంతమున ఒక నూతన పద్ధతిని ప్రవేశపెట్టెను. పల్లెటూర స్థిరపడుటకు సమ్మతించిన వైద్యునికి సర్కారు ఏటేట కొంత గ్రాంటు నిచ్చును. అతడు బీదలకు ఉచితముగా మందిచ్చి, చెల్లింపగలవారివద్ద తన ఫీజు తాను పుచ్చుకొనవచ్చును. ఇంగ్లీషు వైద్యముతోబాటు దేశీయ వైద్యమునుగూడ ఆదరింపవలెనని మహమ్మదు ఉస్మాను సంఘము 1923లో నివేదింపగా, 1925లో మద్రాసున దేశీయ వైద్య పాఠశాల నెలకొన్నది. మన ఆచంట లక్ష్మీపతిగారివంటి వారు ఆ యుద్యమమునకు ప్రాణము పోసిరి. తక్కువ ఖర్చుతో, చేరువలో, తెలిసిన భాషలో వైద్యమనునది వారి వాదమునకు వెన్నెముక.

ఇందులో చదువరులు గుర్తింపదగిన విశేషమొకటి కలదు. ప్రభుత్వము సొమ్మిచ్చుట, ప్రైవేటు వైద్యుడు చికిత్స చేయుట అను ఏర్పాటు 2007లో ఆరోగ్యశ్రీ పథకముతో ఆకాశమునుండి ఊడిపడినది కాదు. దాని పూర్వరూపము మద్రాసు రాజధానిలో నూఱేండ్లనాడే కలదు. అయితే ఒక భేదము: ఆనాటి గ్రాంటు వైద్యుని పల్లెకు రప్పించుట కుద్దేశింపబడినది, ఈనాటి కార్డు రోగిని పట్టణమునకు రప్పించుచున్నది.

భోర్ నివేదికయు, దాని నీడయు

రెండవ ప్రపంచసంగ్రామము నడచుచుండగనే, 1943 అక్టోబరులో, భారతప్రభుత్వము సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన ఒక సంఘమును నియమించెను. అంతకు ముందటి యేడే ఇంగ్లండులో బెవరిడ్జి నివేదిక వెలువడి, పుట్టిన బిడ్డనుండి కాటికి కాళ్లు చాచిన వృద్ధునివఱకు ప్రతిపౌరుని క్షేమమును రాజ్యమే వహింపవలెనను భావమును లోకమున నాటియుండెను. వైద్యచరిత్రకారుడు హెన్రీ సిగెరిస్టు మొదలగు విదేశ నిపుణులు 1944లో మన దేశమునకు వచ్చి ఆ సంఘమునకు సలహాలిచ్చిరి. 1946లో వెలువడిన నివేదికకు ప్రాణమైన సూత్రమొకటే: చెల్లించుకొను శక్తి లేదను కారణమున ఎవడును తగిన వైద్యమునకు దూరము కారాదు.

సూత్రముకంటె దాని అమలుకు వారు వేసిన పథకము మిక్కిలి ముఖ్యమైనది. తొలిదశలో 40,000 జనాభాకు ఇద్దరు డాక్టర్లతో, నర్సులతో, మంత్రసానులతో ఒక ప్రాథమిక ఆరోగ్యకేంద్రము. కాలక్రమమున 10,000 మొదలు 20,000 వఱకు జనాభాకు 75 మంచముల ఆసుపత్రి. ఇవన్నియు నడచుటకు ప్రభుత్వవ్యయములో నూటికి 15 వంతులు ఆరోగ్యమునకు కేటాయింపు. అదే 1946లో మద్రాసున టంగుటూరి ప్రకాశం పంతులుగారి మంత్రివర్గము ఏర్పడగా, ఆరోగ్యశాఖ లక్ష్మీపతిగారి ధర్మపత్ని, ఉప్పుసత్యాగ్రహమున చెఱసాల కేగిన ఆచంట రుక్మిణీ లక్ష్మీపతిగారి చేతికి వచ్చెను. కాని ఆ మంత్రివర్గమే ఏడాది నిండకమునుపే కూలిపోయెను. ఇంగ్లండు మాత్రము 1948 జూలై 5వ తేదీన తన జాతీయ ఆరోగ్యసేవను ఆరంభించి మాట నిలుపుకొనెను.

మన దేశమున ఆ పథకము కాగితమునుండి నేలకు దిగునప్పటికి సగము కరగిపోయెను. 1952లో సమాజాభివృద్ధి బ్లాకులతోబాటు ఆరోగ్యకేంద్రములు వచ్చినవి గాని, 40,000 మందికి ఉండవలసిన కేంద్రము దాదాపు లక్షమంది నివసించు బ్లాకునకు ఒక్కటిగా మిగిలెను. మైదానమున 30,000 మందికి, కొండప్రాంతమున 20,000 మందికి ఒక కేంద్రమను నియమము 1980ల దాక స్థిరపడలేదు. కేంద్రము వెలసినచోటను భోర్ కోరిన ఇద్దరు డాక్టర్లు దొరకుట గగనమయ్యెను.

భోర్ సంఘములో చెలరేగిన ఒక వాదమును ఇచ్చట చెప్పక విడువరాదు. నాలుగేండ్ల చదువుతో ఎల్.ఎం.పి. పట్టా పొంది, పల్లెలలోను చిన్న పట్టణములలోను ప్రాక్టీసు పెట్టుకొనిన డాక్టర్లు అప్పటికి దేశమున అధికసంఖ్యలో నుండిరి. ఇకపై ఆ తరగతిని ఎత్తివేసి, ఒకే ప్రమాణము గల పూర్తి పట్టభద్రుని మాత్రమే తయారుచేయవలెనని సంఘములో అధికసంఖ్యాకులు నిర్ణయించిరి. అట్లు చేసినచో పల్లెకు వైద్యుడే కఱవగునని కొందఱు విభేదించిరి. పల్లెవానికి మాత్రము తక్కువరకపు డాక్టరు చాలునా అను అధికసంఖ్యాకుల ప్రశ్న న్యాయమైనదే. కాని విభేదించినవారి భయమే నిజమయ్యెను. ఎల్.ఎం.పి. ఖాళీచేసిన కుర్చీలో ఎం.బి.బి.ఎస్. వచ్చి కూర్చుండలేదు, వైద్యపట్టా లేని ఆర్.ఎం.పి. వచ్చి కూర్చుండెను. నేడు రోలుగుంటవంటి మండలములో అర్ధరాత్రి జ్వరము వచ్చినచో తలుపు తట్టదగిన గుమ్మము చాలసార్లు అతనిదే. సూదిమందు వేసి, సెలైను ఎక్కించి, సొమ్ము లేదన్నచో పంట వచ్చువఱకు ఆగువాడును అతడే. అతనిని దూషించుట సులభము. అతడెందుకు అవసరమయ్యెనని అడుగుట చరిత్రకారుని పని.

బిల్లు లేని వైద్యము

ఈ కాలమును గూర్చి నిరాశతోనే ముగించుట అన్యాయమగును. 1953లో జాతీయ మలేరియా నియంత్రణము ఆరంభమై, 1958లో నిర్మూలనోద్యమముగా మాఱి, డి.డి.టి. పిచికారీ పట్టుకొని మనుష్యులు ఇంటింటికి తిరిగిరి. మలేరియా సమూలముగా పోలేదు. అయినను మైదానపు పల్లెలలో దాని కోఱలు చాలవఱకు ఊడినవి. గిరిజనుల దేహములను పుండ్లతో వికారముచేసిన కోయరోగము పెన్సిలిన్ సూదికి లొంగిపోయి, 2006లో దేశమున అంతరించినట్లు ప్రకటింపబడి, 2016లో ప్రపంచ ఆరోగ్యసంస్థ ధ్రువపత్రమును గూడ పొందినది. ఈ రెండు కార్యములలోను రోగి ఆసుపత్రికి పోలేదు. ఆసుపత్రియే రోగియింటికి పోయెను. రోగి చేతికి బిల్లు రాలేదు, గనుక ఎంత ఖర్చు తప్పినదో లెక్కకును రాలేదు. వైద్యపు ఖర్చును తగ్గించిన సంస్కరణలలో మిక్కిలి గొప్పవానికి ఇట్లు కీర్తి దక్కకపోవుట మన వివాదముల స్వభావమును తెలుపును: చెల్లించిన సొమ్ముపైననే వాదము జరుగును, చెల్లింపనక్కరలేకపోయిన సొమ్మును ఎవరును తలపరు.

1980లలో గాలి మాఱెను. చిత్తూరు జిల్లా అరగొండవాసి ప్రతాప్ సి. రెడ్డిగారు 1983లో మద్రాసున అపోలో ఆసుపత్రిని స్థాపింపగా, 1988లో అది హైదరాబాదునకును వచ్చినది. గుండెను కోసి కుట్టు విద్యకై విదేశములకు పోనక్కరలేకపోవుట గొప్ప సౌకర్యమే. కాని ఆసుపత్రి కంపెనీ వాటాలతో నడచు వ్యాపారము కూడ కావచ్చునని తెలుగువారు చూచినది అప్పుడే. ప్రభుత్వపక్షమున మధ్యస్థాయి ఆసుపత్రులను బాగుచేయుటకై వైద్యవిధాన పరిషత్తు ఏర్పడినది. నర్సీపట్నమువంటి ఏరియా ఆసుపత్రులు ఆ గొడుగు క్రిందికి వచ్చినవి. అయినను పరీక్షాయంత్రములు, ప్రత్యేకనిపుణులు పట్టణములలోనే గుమిగూడుటచే, రోలుగుంట రోగి దారి నర్సీపట్నముతో ఆగక విశాఖవఱకు సాగెను. దారితోబాటు అప్పును సాగెను.

రాజీవ్ ఆరోగ్యశ్రీ

2004 తరువాత ముఖ్యమంత్రి సహాయనిధికి వచ్చు అర్జీలలో గుండెజబ్బు, క్యాన్సరు, మూత్రపిండముల వ్యాధి అను మాటలు వెల్లువెత్తినవి. అర్జీ పెట్టుకొనినవానికి దయతో నిచ్చు దానికి బదులుగా కార్డు చూపినవానికి హక్కుగా నిచ్చు ఏర్పాటు కావలెనను ఆలోచననుండి, వై.యస్. రాజశేఖరరెడ్డిగారి ప్రభుత్వము 2007 ఏప్రిల్ 1వ తేదీన మహబూబునగరము, అనంతపురము, శ్రీకాకుళము జిల్లాలలో ఆరోగ్యశ్రీని ఆరంభించి, 2008 నాటికి రాష్ట్రమంతటికిని విస్తరింపజేసెను. తెల్లకార్డు గల కుటుంబమునకు ఏటికి లక్షన్నర, అవసరమైనచో మఱి ఏబదివేలు. 2005 ఆగస్టు 15న మొదలైన 108 అంబులెన్సుతో జతకూడి, ఆ పథకము పేదవానికి కార్పొరేటు ఆసుపత్రి గడప నెక్కు ధైర్యము నిచ్చినది. జర్మనీలో బిస్మార్కు 1883లోనే కార్మికులకు రోగబీమాను చట్టముచేసెను. అమెరికా 1965లో వృద్ధులకును పేదలకును, 2010లో మఱికొందఱకును బీమాను విస్తరింపజేసి నేటికిని దానిపై కలహించుచున్నది. అట్టి లోకమున ఒక రాష్ట్రము, శ్రామికుని జీతమునుండి చందా కోయకనే, కోట్లమందికి శస్త్రచికిత్సను ఉచితము చేయుట సామాన్యము కాదు. 2018లో కేంద్రప్రభుత్వము ప్రవేశపెట్టిన ఆయుష్మాన్ భారత్‌కు ఇట్టి రాష్ట్రపథకములు త్రోవచూపినవి.

విమర్శలును వెంటనే పుట్టినవి. సొమ్ములో పెద్దభాగము ప్రైవేటు ఆసుపత్రులకే చేరుచున్నదనియు, ఆ సొమ్ముతో సర్కారు ఆసుపత్రులను బాగుచేసియుండవచ్చుననియు ఒక వాదము. గర్భసంచి తొలగింపువంటి కొన్ని శస్త్రచికిత్సలు అనవసరముగా జరుగుచున్నవను ఆరోపణ రాగా, కొన్నింటిని ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితము చేయవలసివచ్చెను. పథకమునకు పేర్లు మాఱినవి, హద్దులు పెరిగినవి. 2023 డిసెంబరులో చికిత్సపరిమితి 25 లక్షలకు చేరినది. 2025 సెప్టెంబరులో నేటి ప్రభుత్వము, ఎన్.టి.ఆర్. వైద్యసేవ పేర, రెండున్నర లక్షలవఱకు బీమాసంస్థ ద్వారా, ఆపైన పథకమును నడపు సర్కారు ట్రస్టు ద్వారా చెల్లించు మిశ్రపద్ధతిని ఆమోదించెను. మఱునెలలోనే బకాయిలు చెల్లింపలేదని నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలను నిలిపివేసినవి. హద్దు ఎంత పెంచినను, ఖజానా తడారినచో కార్డు మూగవోవునని ఇది తెలిపినది.

జాతీయ ఆరోగ్యలెక్కల ప్రకారము దేశపు మొత్తము ఆరోగ్యవ్యయములో జనులు స్వయముగా జేబునుండి చెల్లించు వంతు 2013–14లో నూటికి 64.2 కాగా, 2021–22 నాటికి 39.4కు దిగినది. ఇది శుభవార్తయే. కాని మిగిలిన ఆ జేబుఖర్చులో మందుల దుకాణమునకు పోవునదే ప్రధానభాగము. మంచము పట్టకుండ, చీటీ వ్రాయించుకొని, బిళ్లలు కొనుక్కొని తిరిగివచ్చు రోగిని శస్త్రచికిత్సల పథకము తాకదు. చక్కెరవ్యాధి, రక్తపోటు, జ్వరము, కడుపునొప్పి: అప్పు పుట్టునది సామాన్యముగా వీనినుండియే. ఇక శస్త్రచికిత్సకు పోయినవానికిని, వెంటవచ్చినవారి బస, భోజనము, బస్సుచార్జీ, పోయిన కూలి కార్డులో లేవు. కొండయూరి గిరిజనునికి ఉచితవైద్యము ఏటికి ఆవలిగట్టున కట్టియున్న పడవవంటిది. ఎక్కినచో సొమ్ము అడుగరు గాని ఏరు మాత్రము తానే దాటవలెను. నడువలేని రోగిని, నెలలు నిండిన గర్భిణిని డోలీలో మోసికొని దిగువకు తెచ్చుచున్న వార్తలు ఆ కొండయూళ్లనుండి ఇటీవలి యేండ్లలోను పత్రికల కెక్కుచునే యున్నవి.

నర్సీపట్నమున నేటి వివాదము

ఈ కథకు నేటి రంగస్థలము నర్సీపట్నమే యగుట విశేషము. 2022 డిసెంబరు 30వ తేదీన నాటి ముఖ్యమంత్రి వై.యస్. జగన్మోహనరెడ్డిగారు, నర్సీపట్నమునకు చేరువనున్న మాకవరపాలెం మండలములో, ప్రభుత్వ వైద్యకళాశాలకు శంకుస్థాపన చేసిరి. రాష్ట్రమున తలపెట్టిన 17 నూతన కళాశాలలలో ఇది యొకటి. వానిలో ఐదు 2023 సెప్టెంబరులో తెఱచుకొన్నవి. 2024లో ప్రభుత్వము మాఱినది. 2025 సెప్టెంబరులో మంత్రివర్గము నర్సీపట్నముతో సహా పది కళాశాలలను ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్యమున పూర్తిచేయ నిశ్చయించెను. ఖజానాపై వేలకోట్ల భారము మోపక శీఘ్రముగా కట్టించుటకే ఈ మార్గమనియు, భూమియు యాజమాన్యమును సర్కారువేననియు, పేదలకు వైద్యము ఉచితముగనే యుండుననియు ప్రభుత్వపక్షము పలికెను. ఇది పేరు మార్చుకొనిన ప్రైవేటీకరణమేననియు, పేదల మంచములును పేదపిల్లల సీట్లును అంగడి కెక్కుననియు ప్రతిపక్షము ప్రతివచనము పలికి, కోటి సంతకముల సేకరణమునకు పూనుకొనెను. అక్టోబరు 9వ తేదీన జగన్మోహనరెడ్డిగారు స్వయముగా నర్సీపట్నమునకు వచ్చి ఆ కట్టడములను జనులకు చూపిరి.

రెండుపక్షముల వాదములందును సత్యాంశము కలదు. రెండింటికిని ఇబ్బంది గొలుపు గతమును కలదు. ప్రభుత్వ కళాశాలలలో అధికశుల్కపు సీట్లను 2023లో ప్రవేశపెట్టినది నేడు ప్రైవేటీకరణము నెదిరించుచున్న పక్షమే. నాడు ఆ సీట్లను తప్పుపట్టినది నేడు భాగస్వామ్యమును సమర్థించుచున్న పక్షమే. కట్టించువాడెవడను దానితోబాటు చరిత్ర అడుగు ప్రశ్న మఱొకటి కలదు: ఆ కళాశాల దిగువను పుట్టి దిగువనే నిలుచునా, రోలుగుంట ఆరోగ్యకేంద్రమునకు రాత్రివేళ డాక్టరును, అర్లకొండపై ఊళ్లకు నెలకొకమాఱైనను వైద్యబృందమును పంపునా? 1923లో విశాఖ కళాశాల పుట్టినప్పుడు ఈ ప్రశ్నకు జవాబుగా గ్రామవైద్యుని గ్రాంటునైన ఏర్పఱచిరి. 2025 వాదములలో అంతమాత్రపు జవాబును గట్టిగా వినరాలేదు.

నూఱేండ్ల ఈ కథనుండి తేలు నిర్ణయమును నిష్కర్షగా చెప్పవచ్చును. గుండెకు, మూత్రపిండములకు వచ్చు పెద్దకష్టమునకు బీమాయో ట్రస్టో తప్పదు. దానిని తీసివేయుమనువాడు పేదవాని పగవాడు. కాని చెల్లింపు పద్ధతిని మార్చిన ప్రతిసంస్కరణమును బిల్లును ఒక చేతినుండి మఱొక చేతికి మార్చినదే గాని దాని పెరుగుదలను ఆపలేదు. వైద్యమును చేరువ చేసిన సంస్కరణములు మాత్రమే బిల్లునే పుట్టనీయక ఆపినవి. పిచికారీ, పెన్సిలిన్ సూది, భోర్ కోరిన ఇద్దరు డాక్టర్లు ఈ రెండవకోవకు చెందినవి. మొదటి రెండును నెఱవేఱినవి, మూడవది 1946 నుండి బాకీ. ఏ ప్రభుత్వమైనను, ఏ భాగస్వామియైనను తెచ్చు పథకమునకు ఈ ప్రాంతమున ఒక పరీక్ష పెట్టవచ్చును: నీలబందలో జ్వరము తగిలినవాడు మొదటి డాక్టరు ముందు కూర్చుండునప్పటికే ఎంత ఖర్చు పెట్టెను? ఆ మొత్తము తగ్గనంతకాలము విశాఖలోని ఉచితమంచమునకు లెక్క సరిపోదు.

మందుల దుకాణపు బిల్లు కథ మిగిలియున్నది. ఇదే అనకాపల్లి జిల్లాలోని పరవాడలో ప్రపంచమునకు మందులు తయారగుచుండగా, అదే జిల్లా కొండలలో బిళ్లకు సొమ్ము చాలకపోవుట ఎట్లు సంభవించెను? 1970 నాటి పేటెంటు చట్టమునుండి, హైదరాబాదు ఐ.డి.పి.ఎల్. నుండి ఆ కథను వచ్చు ప్రకరణమున చెప్పుకొందము.

(సశేషము)